హెచ్‌1బీ నుంచి గ్రీన్‌కార్డ్ దాకా: విశాఖ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర బయల్దేరి సబ్‌మెరైన్ దాకా వెళ్ళి వచ్చేలోపు ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: "మావాడి గ్రీన్‌కార్డ్ సంగతి ఏమైనా తెలుస్తుందాండీ?" మా అమ్మాయి, అల్లుడు చాలా ఏళ్ళుగా ఆ లైన్లోనే ఉన్నారు. వాళ్ళ కాగితాల కోసం ఇక్కడ ఆఫీసుల చుట్టూ తిరిగింది నేనే. అడిగినవాళ్ళందరికీ నడుస్తూ చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. నేను లాయర్ని కాను. మీ పిల్లల కేసులో చివరి మాట వాళ్ళ ఇమిగ్రేషన్ లాయర్‌ది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## మొదట్లో వచ్చే సందేహాలు

హెచ్‌1బీ వచ్చిందంటే అక్కడ స్థిరపడిపోయినట్టే కదా?

కాదు. హెచ్‌1బీ తాత్కాలిక ఉద్యోగ వీసా. మామూలుగా మూడేళ్ళు, ఆపైన ఇంకో మూడేళ్ళు, మొత్తం ఆరేళ్ళు. అది కంపెనీని పట్టుకుని ఉంటుంది. గ్రీన్‌కార్డ్ మనిషిని పట్టుకుని ఉంటుంది: ఎక్కడైనా పని చేసుకోవచ్చు, మానేయచ్చు, సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు. ఒకటి ఉంటే రెండోది దానంతటదే రాదు. ఎవరో ఒకరు, ఎక్కువగా కంపెనీ, పిల్లల తరఫున ఫైల్ మొదలుపెట్టాలి.

మొత్తం ఎన్ని మెట్లు ఎక్కాలి?

ఉద్యోగం మీద వెళ్ళేవాళ్ళకి సాధారణంగా మూడు. మొదటిది పెర్మ్: ఈ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని కంపెనీ అక్కడి కార్మిక శాఖకి చూపించడం. రెండోది ఐ-140: ఈ మనిషిని శాశ్వతంగా తీసుకుంటామని కంపెనీ వేసే పిటిషన్. మూడోది ఐ-485: మన పిల్లలు స్వయంగా వేసే గ్రీన్‌కార్డ్ దరఖాస్తు. మొదటి రెండూ నెలల్లోనో, రెండు మూడేళ్ళలోనో తేలతాయి. ఏళ్ళూపూళ్ళూ పట్టేది రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య ఎదురుచూపు.

టీపీఎస్ అని టీవీలో విన్నాం. మన పిల్లలకీ వస్తుందా?

రాదు. టీపీఎస్ అంటే తాత్కాలిక రక్షణ హోదా. 1990 నాటి చట్టంతో వచ్చింది. యుద్ధమో, ప్రకృతి విపత్తో వచ్చి ప్రజలు తిరిగి వెళ్ళలేని దేశాలకి అమెరికా దీన్ని ప్రకటిస్తుంది. 2015 భూకంపం తర్వాత నేపాల్‌కి అలాగే ఇచ్చారు. భారత్ ఆ జాబితాలో లేదు. పైగా టీపీఎస్ ఒక్కటే ఉన్నంత మాత్రాన గ్రీన్‌కార్డ్ రాదు. కుటుంబం ద్వారానో, ఉద్యోగం ద్వారానో వేరే దారి ఉండాలి. అనుమతి లేకుండా దేశంలోకి వచ్చినవాళ్ళకి టీపీఎస్ దొరికినా అది చట్టబద్ధమైన ప్రవేశం కిందికి రాదని అక్కడి సుప్రీంకోర్టు 2021లో తీర్పు ఇచ్చింది.

లాటరీలో గ్రీన్‌కార్డ్ ఇప్పిస్తామని ఒక ఏజెంట్ డబ్బు అడుగుతున్నాడు. ఇవ్వచ్చా?

ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. డైవర్సిటీ లాటరీ అని ఒకటి ఉన్న మాట నిజమే. కానీ అది అమెరికాకి తక్కువమంది వెళ్ళే దేశాల కోసం. భారత్‌లో పుట్టినవాళ్ళకి అందులో చోటు లేదు. హెచ్‌1బీకి జరిగే లాటరీ వేరు, దానికీ గ్రీన్‌కార్డ్‌కీ సంబంధం లేదు.

## కంపెనీ ఫైల్ నడిపే దశ

పెర్మ్ ఖర్చులు మమ్మల్ని పెట్టుకోమంటున్నారు. న్యాయమేనా?

పెర్మ్‌కి అయ్యే ప్రకటనల ఖర్చు, లాయర్ ఫీజు కంపెనీయే భరించాలని అమెరికా నిబంధన. 2007 నుంచి అమల్లో ఉంది. జీతంలో కోసుకోవడం, ఇక్కడ తండ్రి దగ్గర రూపాయల్లో వసూలు చేయడం, రెండూ ఆ నిబంధనని దాటడమే. ఐ-140, ఐ-485 ఖర్చుల సంగతి వేరు, వాటి మీద ఆ నిషేధం లేదు. ఇంటి మీద అప్పు తెచ్చి కన్సల్టెన్సీకి పెర్మ్ డబ్బు కట్టిన కుటుంబం నాకు తెలుసు. అలా అడిగే కంపెనీ రేపు ఇంకేం చేస్తుందోనని ముందు ఆలోచించండి.

ఐ-140 అప్రూవ్ అయిందని అబ్బాయి ఫోన్ చేశాడు. స్వీట్లు పంచేయచ్చా?

పంచండి, మంచి మెట్టే. కానీ గ్రీన్‌కార్డ్ వచ్చినట్టు కాదు. ఐ-140తో ముఖ్యంగా మూడు లాభాలు. లైన్‌లో చోటు ఖాయమవుతుంది, ఆ చోటు పేరే ప్రయారిటీ డేట్. ఆరేళ్ళు దాటినా హెచ్‌1బీని మూడేసి ఏళ్ళు పొడిగించుకోవచ్చు, 2000 నాటి చట్టం ఇచ్చిన వీలు అది. హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న భార్యకో, భర్తకో ఉద్యోగ అనుమతి అడగచ్చు, ఇది 2015 నుంచి ఉంది. మా అమ్మాయి ఎంటెక్ చదివి, పెళ్ళయ్యాక మూడేళ్ళు ఇంట్లో కూర్చుంది. అల్లుడి ఐ-140 వచ్చాకే మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది. ఆ రోజు ఫోన్లో దాని గొంతు నాకింకా గుర్తుంది.

కంపెనీ మారితే పాత లైన్ పోతుందా?

ఐ-140 అప్రూవ్ అయి ఉంటే లైన్‌లో చోటు పోదు. కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్ళీ చేయాలి కానీ పాత ప్రయారిటీ డేట్ అలాగే తెచ్చుకోవచ్చు. అప్రూవ్ అయి 180 రోజులు దాటాక పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ ఐ-140 అంత మాత్రాన రద్దు కాదు. మోసమో, పెద్ద పొరపాటో బయటపడితే తప్ప తేదీ నిలుస్తుంది. పెర్మ్ దశలో ఉండగానే మారితే మాత్రం మొదటికొస్తుంది. అందుకే చాలామంది పిల్లలు ఇష్టం లేని ఉద్యోగంలోనూ ఐ-140 దాకా ఓర్చుకుంటారు. "జీతం ఎక్కువ ఇస్తామంటే వెళ్ళవేం" అని మనం ఇక్కడి నుంచి ఒత్తిడి చేయకూడదు.

ఉద్యోగం పోయింది. ఎన్ని రోజులు ఉండచ్చు?

60 రోజుల వరకు. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే ఉంటే అంతవరకే. ఆలోపు కొత్త కంపెనీ హెచ్‌1బీ పిటిషన్ వేయాలి, లేదా వేరే హోదాకి మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. ఆ రెండు నెలలూ పిల్లలు ఫోన్ ఎత్తకపోతే కంగారు పడకండి, ఇంటర్వ్యూల్లో ఉంటారు. ఇంకో సంగతి. కంపెనీ లేఆఫ్‌లు చేస్తే, అదే పనిలో ఉండి ఆర్నెల్లలోపు పోయినవాళ్ళని ముందు పిలిచి చూశాకే పెర్మ్ వేయాలి. చాలా కంపెనీలు ఆ తలనొప్పి వద్దని పెర్మ్‌లు కొన్నాళ్ళు ఆపేస్తాయి. పిల్లల తప్పేమీ ఉండదు.

## ఎదురుచూపు దశ

మావాడి స్నేహితుడు, చైనా కాదు ఇండియా కాదు, రెండేళ్ళలో తెచ్చుకున్నాడు. మావాడికేం తక్కువ?

ఏమీ తక్కువ కాదు. తేడా అంతా పుట్టిన దేశంలో ఉంది. ఉద్యోగాల మీద ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డ్‌లు సుమారు 1,40,000. ఒక్కో దేశంలో పుట్టినవాళ్ళకి అందులో 7 శాతం, అంటే దాదాపు 9,800. చిన్న దేశానికీ అంతే, మనకీ అంతే. పైగా ఆ లెక్కలో భార్యా పిల్లలు కూడా ఉంటారు, నలుగురున్న ఇల్లు నాలుగు కార్డులు తీసుకుంటుంది. వేరే దేశాలు వాడుకోకుండా మిగిలినవి కొన్ని మనవైపు వస్తాయి, అవీ చాలవు. ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పేది వీసా బులెటిన్. 2025 అక్టోబర్ బులెటిన్‌లో ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ కేటగిరీల్లో భారత్‌కి కార్డు ఇచ్చే తేదీలు రెండూ ఇంకా 2013లోనే ఉన్నాయి. అంటే పన్నెండేళ్ళ కిందట లైన్‌లో నిలబడ్డవాళ్ళకి అప్పుడు పిలుపొస్తోంది. "ఇంకా రాలేదా" అని ప్రతి ఆదివారం అడిగితే పిల్లలకి టెన్షన్ తప్ప లైన్ ఒక్క అడుగు కూడా కదలదు.

వీసా బులెటిన్ ఎలా చూడాలి?

అమెరికా విదేశాంగ శాఖ నెలకోసారి విడుదల చేస్తుంది. ఉద్యోగ కేటగిరీల పట్టికలో ఇండియా అన్న నిలువు వరస చూడండి. మీ పిల్లల కేటగిరీ ఎదురుగా ఉన్న తేదీ వాళ్ళ ప్రయారిటీ డేట్ కంటే తర్వాతిదైతే వంతు వచ్చినట్టు, దాన్నే కరెంట్ అయిందంటారు. పట్టికలు రెండుంటాయి: ఒకటి కార్డు ఇచ్చే తేదీలు, ఇంకోటి దరఖాస్తు వేసుకునే తేదీలు. ఏ నెల ఏ పట్టిక వాడాలో యూఎస్‌సీఐఎస్ (ఈ దరఖాస్తులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) చెబుతుంది. వాళ్ళ బడ్జెట్ ఏడాది అక్టోబర్ 1న మొదలవుతుంది, కోటా కొత్తగా తెరుచుకునేది అప్పుడే. ఏడాది చివర్లో కోటా అయిపోతే తేదీలు వెనక్కి కూడా వెళ్తాయి. అది చూసి గుండె జారిపోనక్కర్లేదు.

కోడలు కువైట్‌లో పుట్టింది. దానివల్ల ఏమైనా లాభమా?

చాలా పెద్ద లాభం. మన గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ గల్ఫ్ వెళ్ళిన కుటుంబాల్లో ఇలాంటి అమ్మాయిలు, అబ్బాయిలు ఎందరో ఉన్నారు. కానీ ఈ సంగతి అడిగేదాకా ఎవరూ చెప్పరు. లెక్క పుట్టిన దేశానిది, పాస్‌పోర్ట్‌ది కాదు. భార్య కువైట్‌లోనో, మస్కట్‌లోనో పుట్టి ఉంటే భర్త కూడా ఆమె పుట్టిన దేశం లైన్‌లో నిలబడచ్చు. ఇద్దరూ కలిసి గ్రీన్‌కార్డ్ అడగాలి. కువైట్ జనన ధ్రువపత్రం, పెళ్ళి ధ్రువపత్రం పక్కాగా ఉండాలి. ఈ వీలు భార్యాభర్తల మధ్యే. బిడ్డ పుట్టిన దేశాన్ని తల్లిదండ్రులు వాడుకోలేరు.

మనవరాలికి త్వరలో 21 నిండుతుంది. లైన్‌లోంచి పడిపోతుందా?

21 నిండితే బిడ్డగా లెక్కపెట్టరు, ఆ భయం నిజమే. కానీ 2002లో వచ్చిన చట్టం కొంత కాపాడుతుంది. వీసా నంబర్ అందుబాటులోకి వచ్చిన రోజున బిడ్డ వయసులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న కాలాన్ని తీసేస్తారు. ఉదాహరణకి ఆ రోజుకి 21 ఏళ్ళ 3 నెలలు, ఐ-140 పెండింగ్‌లో ఉన్నది 8 నెలలు అనుకోండి. లెక్కలో వయసు 20 ఏళ్ళ 7 నెలలు, గట్టెక్కినట్టే. వంతు వచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు వేసేయాలి. 2025 ఆగస్టు 15 నుంచి వేసినవాటికి కార్డు ఇచ్చే తేదీల పట్టికే ఈ లెక్కకి ఆధారం, అంతకు ముందు ఉన్న వెసులుబాటు తగ్గింది. పెద్ద పిల్లలున్న ఇళ్ళు బిడ్డకి 18 రాకముందే లాయర్‌తో కూర్చోవాలి.

అమెరికాలో పుట్టిన మనవడు సిటిజనే కదా, వాడి ద్వారా రాదా?

వాడికి 21 నిండాక తల్లిదండ్రుల కోసం వేయగలడు, అంతకు ముందు కుదరదు. తాతకీ, అమ్మమ్మకీ మనవడు ఎప్పటికీ వేయలేడు.

## విశాఖలో చేయాల్సిన కాగితాలు

బర్త్ సర్టిఫికెట్‌లో బిడ్డ పేరే లేదు. ఏం చేయాలి?

మన తరంలో ఇది సర్వసాధారణం. కేజీహెచ్‌లోనో, ఘోషా ఆసుపత్రిలోనో పుట్టినప్పుడు "ఆడశిశువు" అని రాసేవారు. నామకరణం తర్వాత మళ్ళీ వెళ్ళి పేరు ఎక్కించినవాళ్ళు తక్కువ. పుట్టుక నగరంలో నమోదై ఉంటే జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) పేరు చేర్చమని దరఖాస్తు పెట్టుకోండి. గాజువాకలో పుట్టినవాళ్ళు కూడా ఇక్కడే అడగాలి, ఆ మున్సిపాలిటీ 2005లో జీవీఎంసీలో కలిసిపోయింది. కొత్త పత్రంలో బిడ్డ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లి పేరు, తండ్రి పేరు ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకోండి.

అసలు నమోదే కాలేదు. మా ఆవిడ పుట్టింట్లో, పల్లెలో పురుడు జరిగింది.

మా అమ్మాయిదీ ఇదే కథ. రెండు దశలు. మొదట, రికార్డు లేదని సంబంధిత అధికారి దగ్గర నాన్-ఎవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. తర్వాత బదులు ఆధారాలు: పదో తరగతి మార్కుల జాబితా, స్కూల్ రికార్డులు, వాటితోపాటు పుట్టుక గురించి నేరుగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు. తల్లిదండ్రులు ఇవ్వచ్చు, పెద్దమ్మా మేనమామా ఇవ్వచ్చు. వాళ్ళు ఎవరు, వాళ్ళకెలా తెలుసు, బిడ్డ ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి పుట్టింది, అన్నీ అందులో ఉండాలి.

మేం చేసిన పొరపాటు మీరు చేయకండి. మా ఆవిడ పేరు లక్ష్మి. టైపిస్టు మొదటి అఫిడవిట్‌లో ఇంగ్లీషులో 'కేఎస్‌హెచ్' అక్షరాలతో కొట్టాడు. రెండోదానిలో 'ఎక్స్' పెట్టాడు. చదివితే రెండూ లక్ష్మే. నేను సంతకాలు చూశాను, నోటరీ ముద్ర చూశాను, అక్షరాలు చూడలేదు. అక్కడి లాయర్ పట్టుకుని వెనక్కి పంపాడు. అప్పటికి మా పెద్ద బావమరిది మంచం మీద ఉన్నాడు. కొత్త స్టాంప్ పేపర్ పట్టుకుని ఊరెళ్ళి, వణికే చేతిని పట్టుకుని మళ్ళీ సంతకం పెట్టించాల్సి వచ్చింది. అప్పటి సంగతి తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే ఈ పని చేసేయండి. కార్డు పదేళ్ళకొచ్చినా సరే, అఫిడవిట్ మాత్రం ఈ ఏడాదే.

సర్టిఫికెట్ తెలుగులో ఉంది. నోటరీ చేసిన అనువాదం కావాలా?

నోటరీ తప్పనిసరి కాదు. మొత్తం పత్రానికి ఇంగ్లీషు అనువాదం కావాలి. ముద్రలో ఉన్న అక్షరాలు కూడా వదలకూడదు. తనకి రెండు భాషలూ వచ్చనీ, అనువాదం పూర్తిగా సరైనదనీ అనువాదకుడు సంతకంతో రాసివ్వాలి.

చోడవరంలో పుట్టాడు. అప్పుడు విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఏది రాయాలి?

బర్త్ సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్ట్‌లో ఏది ఉంటే అదే రాయండి. 2022లో జిల్లాలు విడిపోయాయి కదాని పాస్‌పోర్ట్ మార్పించుకోవాల్సిన పని లేదు. లైన్ లెక్కకి వాళ్ళు చూసేది దేశాన్నే.

పదో తరగతిలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. గొడవ అవుతుందా?

ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి వాళ్ళకి కొత్త. అందుకే ఇద్దరు వేరు మనుషులని అనుకునే వీలుంది. రెండు పేర్లూ ఒకరివేనని ఒక అఫిడవిట్ చేయించండి. ఫారంలో 'వాడిన ఇతర పేర్లు' అన్న చోట రెండో రూపం కూడా రాయమనండి.

సింహాచలంలో పెళ్ళి చేశాం. దేవస్థానం కాగితం చాలదా?

దాన్ని దాచుకోండి, కానీ సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కూడా చేయించండి. మన రాష్ట్రంలో పెళ్ళి నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. భార్యకో, భర్తకో కార్డు రావాలంటే ఆ సర్టిఫికెటే ఆధారం. దంపతులు సెలవుకి వచ్చినప్పుడు మొదటి వారంలోనే ఆ పని పెట్టుకోండి. చివరి రెండు రోజులకి వాయిదా వేసి వెళ్ళిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) తెమ్మంటారా?

అక్కడే ఉండి ఐ-485 వేసేవాళ్ళకి మామూలుగా అక్కర్లేదు. ఇక్కడి నుంచి ఇమిగ్రెంట్ వీసా మీద వెళ్ళేవాళ్ళకి కావాలి. గడువుంటుంది కాబట్టి అడిగినప్పుడే తీసుకోండి.

## ఐ-485 వేసిన దశ

మెడికల్‌లో టీబీ అంటే ఏమవుతుందో అని భయంగా ఉంది. చిన్నప్పుడు బీసీజీ వేయించాం.

బీసీజీ వల్ల భయం లేదు. రెండేళ్ళు దాటినవాళ్ళకి ఇప్పుడు రక్తపరీక్ష చేస్తారు, బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు. పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అది మామూలుగా ఉంటే సాధారణంగా కార్డు ఆగదు. 2024 డిసెంబర్ 2 నుంచి మెడికల్ ఫారం ఐ-485తో పాటే పెట్టాలి, తర్వాత పంపుతామంటే కుదరదు. పిల్లల పాత టీకాల కార్డు బీరువాలో ఉంటే ఫోటో తీసి పంపండి, కొన్ని సూదులు తప్పుతాయి.

ఫైల్ పెండింగ్‌లో ఉండగా నాకేదైనా అయితే అబ్బాయి రాగలడా?

రాగలడు. ఎలా తిరిగి వెళ్తాడన్నదే ప్రశ్న. చెల్లుబాటులో ఉన్న హెచ్‌1బీ హోదా, పాస్‌పోర్ట్‌లో చెల్లే వీసా స్టాంపు ఉంటే వాటి మీద వెళ్ళచ్చు. లేదా బయల్దేరే ముందే అడ్వాన్స్ పెరోల్ (తిరిగి లోపలికి రావడానికి ముందుగా తీసుకునే అనుమతి) చేతిలో ఉండాలి. హెచ్‌1బీ హోదా గానీ, అడ్వాన్స్ పెరోల్ గానీ లేకుండా దేశం దాటితే ఐ-485ని వదులుకున్నట్టు లెక్క. ప్రాణాపాయం లాంటి పరిస్థితిలో స్థానిక యూఎస్‌సీఐఎస్ ఆఫీసులో అత్యవసర పెరోల్ అడగచ్చు, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాసిన ఉత్తరం ఇక్కడి నుంచి పంపాలి. స్టాంపు లేకుండా వస్తే హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుంటే తప్ప హెచ్‌1బీ మీద తిరిగి వెళ్ళలేడు. 2025 సెప్టెంబర్ 2 నుంచి డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు మాత్రమే ఇచ్చే) సౌకర్యం చాలావరకు తీసేశారు, ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిందే.

ఫోన్ చేసి "వెంటనే రా" అనే ముందు "నీ దగ్గర ఏ కాగితం ఉంది నాన్నా" అని ఒక్కమాట అడగండి. రాలేకపోయిన బిడ్డని తప్పు పట్టకండి. అంత్యక్రియలు వీడియోలో చూసిన పిల్లల్ని చూశాను. వాళ్ళ బాధ మన బాధకి తక్కువేమీ కాదు.

ఐ-485 వేశాక ఉద్యోగం మారచ్చా?

వేసి 180 రోజులు దాటి, ఐ-140 అప్రూవ్ అయి, కొత్త ఉద్యోగం అదే రకందైతే మారచ్చు. సప్లిమెంట్-జే అనే ఫారం వేస్తారు.

## కార్డు చేతికొచ్చాక

అబ్బాయికి గ్రీన్‌కార్డ్ వచ్చింది. మమ్మల్ని పిలిపించుకోవచ్చా?

విజిటర్ వీసా మీద వెళ్ళి చూసి రావచ్చు. శాశ్వతంగా పిలిపించుకోవడానికి గ్రీన్‌కార్డ్ చాలదు, వాడు సిటిజన్ కావాలి. మామూలుగా కార్డు వచ్చిన ఐదేళ్ళకి ఆ అర్హత వస్తుంది. 21 నిండిన సిటిజన్ తల్లిదండ్రుల కోసం వేస్తే సంఖ్యా పరిమితి లేదు, ఏళ్ళ తరబడి లైనూ లేదు. విజిటర్ వీసా మీద వెళ్ళి అక్కడే మార్చుకుందామనే ఆలోచన ముందే మనసులో పెట్టుకుని వెళ్ళకండి. వచ్చేటప్పుడు అబద్ధం చెప్పారని తేలితే ఆ మచ్చ పోదు.

మాకే గ్రీన్‌కార్డ్ వచ్చింది. ఏడాదిలో ఎక్కువ నెలలు విశాఖలోనే ఉండచ్చా?

శాశ్వత నివాసం అక్కడే అని మీరు ఒప్పుకున్నట్టు లెక్క. ఆర్నెల్లు దాటితే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటితే ఆ కార్డు మీద లోపలికి రావడం కష్టం. ఎక్కువ కాలం ఉండాల్సి వస్తే బయల్దేరే ముందు, అమెరికాలో ఉండగానే, రీ-ఎంట్రీ పర్మిట్‌కి దరఖాస్తు వేయాలి. మామూలుగా రెండేళ్ళకి ఇస్తారు. మా మెట్లకింది ఫ్లాట్ దంపతులు ఇలా అటూ ఇటూ తిరిగి మూడో ఏడు కార్డు స్వచ్ఛందంగా వెనక్కి ఇచ్చేసి, మళ్ళీ విజిటర్ వీసా తీసుకున్నారు. ఇప్పుడు చలికాలం ఇక్కడ, వేసవి అక్కడ. వాళ్ళకి అదే హాయిగా ఉంది.